క్లోరిన్ నీళ్లు మానేసి పాత బోరుకి వెళ్లిపోవాలా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. కవిటి దగ్గర మీ ఊరికి హిరమండలం నుంచి పైపుల్లో నీళ్లు వస్తున్నాయి. కొన్ని రోజులు అవి బ్లీచింగ్ వాసన కొడుతున్నాయి. క్లోరిన్ నీళ్లలో క్లోరోఫాం పుడుతుందని, దానివల్ల క్యాన్సర్ వస్తుందని వాట్సాప్‌లో ఒక వీడియో తిరుగుతోంది. ఇంట్లో నాన్నగారు డయాలసిస్ మీద ఉన్నారు, చెల్లెలికి ఐదో నెల. కొళాయి నీళ్లు మానేసి పాత బోరు నీళ్లే తాగాలా, లేక అప్పు చేసైనా ఆర్వో మిషన్ కొనాలా అని మీ టెన్షన్.

ముందు జవాబు చెప్పేస్తాను, వివరం తర్వాత. బోరు వైపు మళ్లీ చూడొద్దు. ఆర్వో కోసం అప్పు చెయ్యొద్దు. క్లోరిన్ తగ్గించమని పంచాయతీ వాళ్లతో గొడవ అసలే పెట్టుకోవద్దు. గొడవ పడాల్సిన విషయం ఇంకొకటి ఉంది, దానికి వస్తాను. ఆ వీడియో పచ్చి అబద్ధమైతే ఒక్క ముక్కలో కొట్టిపారేసేవాణ్ని. అందులో సగం నిజం ఉంది బాబూ, తంటా అంతా దానితోనే.

నేను శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో నీటి పరీక్షల పనిలో ముప్పై ఏళ్లు ఉండి రిటైరయ్యాను. కెమిస్టుని, డాక్టర్ని కాదు. నాన్నగారి మందుల సంగతి, చెల్లెలి స్కానింగుల సంగతి వాళ్ల డాక్టర్లనే అడగండి. నీళ్ల సంగతి మాత్రం నేను చెప్పగలను.

వర్షాకాలం మొదటి వరదకి వంశధార ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. ఒడిశా కొండల్లోంచి, దారిలో కలిసే గెడ్డల్లోంచి మట్టి, ఎండాకు, కుళ్లిన గడ్డి అన్నీ కడుక్కుని వస్తుంది. మట్టి నెమ్మదిగా అడుగుకి దిగిపోతుంది. ఆకుల సారం మాత్రం నీళ్లలో కరిగి ఉండిపోతుంది, టీ పొడి వడగట్టేసినా డికాక్షన్ రంగు పోనట్టు. దీన్నే కెమిస్టులు హ్యూమిక్, ఫల్విక్ ఆమ్లాలంటారు. వాటంతట అవి పెద్దగా హాని చేసేవి కావు. క్లోరిన్ తగిలినప్పుడే కథ మారుతుంది. క్లోరిన్‌కి క్రిములనీ ఆకుల సారాన్నీ వేరు చేసి చూసే తెలివి లేదు, దొరికినదాన్ని దొరికినట్టు పట్టుకుంటుంది. అలా సారంతో కలిసినప్పుడు కొద్ది కొద్దిగా పుట్టేవే ఈ ఉప ఉత్పత్తులు.

1974లో నెదర్లాండ్స్‌లో రోటర్‌డాం నీటి సరఫరా కెమిస్టు యోహానెస్ రూక్ ఈ సంగతి బయటపెట్టారు. నదిలో లేని క్లోరోఫాం శుద్ధి చేసిన నీళ్లలో కనిపిస్తోంది. ఫ్యాక్టరీ కాలుష్యం కాదు, శుద్ధి చేసే పనిలోనే పుడుతోందని తేల్చారాయన. అదే ఏడాది అమెరికాలోనూ విడిగా ఇదే తేలింది. అక్కణ్నుంచి వెతకడం మొదలుపెడితే ఇప్పటికి ఆరు వందలకి పైగా ఇలాంటి పదార్థాలు దొరికాయి. ముఖ్యమైనవి రెండు కుటుంబాలు. ఒకటి ట్రైహాలోమీథేన్లు. క్లోరోఫాం, బ్రోమోఫాం, ఈ రెంటికీ మధ్యలో ఉండే మరో రెండు కలిపి నలుగురు అన్నదమ్ములు. ఇవి గాల్లోకి తేలిగ్గా ఎగిరిపోయే రకం. రెండోది హాలోఅసిటిక్ ఆమ్లాలు, ఇవి ఎగరవు, నీళ్లలోనే కూర్చుంటాయి. ఈ తేడా గుర్తుపెట్టుకోండి, కాచడం దగ్గర పనికొస్తుంది.

ఎంత పుడతాయన్నది ఒక్క క్లోరిన్ మోతాదు మీద ఆధారపడదు. నీళ్లలో ఆకుల సారం ఎంతుంది, వేడి ఎంత, క్లోరిన్ కలిశాక నీళ్లు ఎన్ని గంటలు పైపుల్లో నిలిచాయి, ఇవన్నీ లెక్కే. ఎండాకాలం ఎక్కువ, దూరపు ఊళ్లలో ఎక్కువ. ఉద్దానం పథకం నీళ్లు హిరమండలం నుంచి ఇచ్ఛాపురం దాకా వెళ్లాలి కాబట్టి చివరి ఊళ్ల వాళ్లు ఈ ప్రశ్న అడగడంలో తప్పేమీ లేదు.

మన తీరానికి సంబంధించిన మరో సంగతి ఉంది. సముద్రపు నీళ్లలో లీటరుకి 65 మిల్లీగ్రాముల దాకా బ్రోమైడ్, అంటే ఉప్పు రూపంలో ఉన్న బ్రోమిన్, ఉంటుంది. తీరం పక్క బావిలోకి నూటికి ఒక వంతు ఉప్పునీరు చొరబడినా ఆ బావిలో లీటరుకి అర మిల్లీగ్రాము పైన బ్రోమైడ్ చేరినట్టే. అలాంటి నీళ్లలో క్లోరిన్ కలిపితే బ్రోమిన్ ఉన్న ఉప ఉత్పత్తులు ఎక్కువగా పుడతాయి. ప్రయోగశాలల్లో చూస్తే క్లోరిన్ వాటి కంటే బ్రోమిన్ వాటికే విషం ఎక్కువ. అంటే మీ పాత బోరు ఉప్పెక్కిన బోరైతే, అందులో బ్లీచింగ్ వేసుకుని తాగడం కంటే వంశధార నీళ్లే నయం. ఆ వీడియో చేసినవాళ్లు ఈ ముక్క చెప్పి ఉండరు.

ఇక జబ్బుల సంగతి. క్లోరోఫాంని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ '2బీ' అనే వర్గంలో పెట్టింది. మనుషుల్లో క్యాన్సర్ తెప్పించే అవకాశం ఉండొచ్చు, రుజువు బలంగా లేదు అని దాని అర్థం. కలబంద ఆకుని మొత్తంగా నూరి తీసిన రసం కూడా ఇదే వర్గంలో ఉంది. కలబంద జ్యూసు అమ్మే వీడియోలు కూడా మీ వాట్సాప్ గ్రూపులోనే వస్తూ ఉంటాయి, గమనించండి. క్లోరిన్ కలిపిన తాగునీటిని అదే సంస్థ 1991లో మొత్తంగా పరిశీలించి, క్యాన్సర్ అవునో కాదో తేల్చడానికి సాక్ష్యం చాలదని వేరే వర్గంలో పెట్టింది.

అలాగని కొట్టిపారెయ్యడం కూడా నాకిష్టం లేదు. దశాబ్దాల పాటు ఈ పదార్థాలు ఎక్కువున్న నీళ్లు తాగినవాళ్లలో మూత్రాశయ క్యాన్సర్ కొంచెం ఎక్కువ కనిపిస్తోందని చాలా అధ్యయనాలు చెప్పాయి. యూరప్ దేశాల మీద 2020లో వచ్చిన ఒక అంచనా ప్రకారం అక్కడి మూత్రాశయ క్యాన్సర్లలో సుమారు 5 శాతానికి వీటితో సంబంధం ఉండొచ్చు. అది అంచనాయే, కారణమని ఖాయంగా తేలలేదు. పోల్చి చూసుకోవాలంటే, అదే క్యాన్సర్‌లో దాదాపు సగం కేసులకి కారణం పొగాకు. మన జిల్లాలో ఆడవాళ్లు చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగడం చిన్నప్పటి నుంచి చూసినవాణ్ని. దానివల్ల అంగిట్లో క్యాన్సర్ వస్తుందని డాక్టర్లు మొత్తుకున్నా మానని మా మేనత్త, బ్లీచింగ్ వాసన వచ్చిందని బిందె నీళ్లు మాత్రం పారబోసేది.

పరిమితుల లెక్క చూద్దాం. భారత ప్రమాణం ప్రకారం లీటరు తాగునీటిలో క్లోరోఫాం 200 మైక్రోగ్రాములు దాటకూడదు. బ్రోమోఫాం అయితే 100. అమెరికా 1979లో నలుగురు అన్నదమ్ములకీ కలిపి 100 అని పెట్టింది, 1998 నిబంధనలతో 80కి దించింది. లీటరుకి ఒక మైక్రోగ్రాము అంటే మేడ మీద వెయ్యి లీటర్ల ట్యాంకులో ఒక మిల్లీగ్రాము, మెత్తటి ఉప్పు పది పదిహేను రేణువులంత. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో మనిషి కిలో బరువుకి రోజుకి 15 మైక్రోగ్రాముల క్లోరోఫాం జీవితాంతం తీసుకున్నా ఫర్వాలేదు. 50 కిలోల మనిషికి 750 అయింది. మీ నీళ్లు అమెరికా పరిమితి అంచున, అంటే 80 దగ్గర ఉన్నాయనుకోండి, అదంతా క్లోరోఫామే అనుకోండి. జీడితోటలో ఎండలో పనిచేసి నాలుగు లీటర్లు తాగినా 320. సగానికి కూడా చేరలేదు. స్నానం చేసేటప్పుడు పీల్చేది కలిపినా ఇంకా జాగా ఉంటుంది.

స్నానం అన్నాను కదా, అందులోనూ కొంత నిజం ఉంది. క్లోరోఫాం 61 డిగ్రీలకే మరిగే పదార్థం. తలుపులన్నీ మూసిన చిన్న బాత్రూంలో గీజర్ వేసి షవర్ కింద అరగంట నిలబడితే, తాగినదాంతో సమానంగా పీల్చడమూ జరగొచ్చు. పెరట్లో గంగాళం పక్కన చెంబుతో పోసుకునేవాళ్లకి ఈ బెడద లేదు. షవర్ ఉంటే కిటికీ తెరవండి.

ఇక కిడ్నీల మాట. ఉద్దానంలో ఉన్నవాళ్లకి 'కిడ్నీ' అన్న మాట వింటేనే గుండె గుభేలుమంటుందని నాకు తెలుసు. క్లోరోఫాం పెద్ద మోతాదుల్లో కాలేయాన్ని, మూత్రపిండాలని దెబ్బతీస్తుందన్నది నిజమే. అది ప్రయోగశాలలో జంతువులకి ఇచ్చే మోతాదు, కొళాయిలో వచ్చేది కాదు. దానికంటే సూటి ప్రశ్న ఒకటుంది. మీ ఊళ్లలో ఈ జబ్బు ఎప్పటి నుంచి ఉంది? హిరమండలం నీళ్ల పథకం మొదలైంది 2023 డిసెంబరులో. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో జనం అంతకు ఎన్నో ఏళ్ల ముందు నుంచీ ఈ జబ్బుతో చనిపోతున్నారు. అప్పుడు తాగిందేమిటి? బావుల నీళ్లు, బోరు నీళ్లు. జబ్బుకి అసలు కారణం ఇంకా తేలలేదు. ఎండలో ఒళ్లు ఎండిపోయేలా పని చెయ్యడం, నీళ్లలోని సిలికా, ఇంకా రకరకాల అనుమానాలున్నాయి. బోరే కారణమని నేనూ అనను. కానీ అనుమానం ఉన్న నీళ్లని వదిలించడానికి ఇన్ని వందల కోట్లు ఖర్చుపెట్టి 807 ఆవాసాలకి నది నీళ్లు పంపిస్తుంటే, వాట్సాప్ చూసి మళ్లీ ఆ బోరు దగ్గరికే బిందె పట్టుకెళ్లడం నాకు మింగుడు పడదు.

నాన్నగారి డయాలసిస్ గురించి ఒక తేడా తెలుసుకోండి. ఆయన తాగే నీళ్లు వేరు, డయాలసిస్ మిషన్‌కి వెళ్లే నీళ్లు వేరు. ఒక్కసారి డయాలసిస్‌కి వంద లీటర్ల పైనే నీళ్లు పల్చటి పొరకి అవతల నుంచి రక్తం పక్కనే పారతాయి. అందులో క్లోరిన్ గానీ, క్లోరిన్ అమ్మోనియాతో కలిసి పుట్టే క్లోరమిన్ గానీ మిగిలితే ఎర్ర రక్తకణాలు పగిలిపోతాయి. అందుకే డయాలసిస్ కేంద్రాల్లో బొగ్గు ట్యాంకులు, ఆర్వో తప్పకుండా ఉంటాయి. లీటరుకి 0.1 మిల్లీగ్రాము కంటే తక్కువ ఉందని చూసుకున్నాకే మిషన్ పెడతారు. ఈసారి వెళ్లినప్పుడు 'ఇవాళ క్లోరిన్ చూశారా' అని టెక్నీషియన్‌ని మర్యాదగా అడగండి. మంచి టెక్నీషియన్ అయితే రిజిస్టరు తీసి చూపిస్తాడు. ఇంట్లో తాగే నీళ్లలోని క్లోరిన్‌తో ఆయనకి ఈ ప్రమాదం లేదు, రక్తంలోకి చేరేలోపే అది ఖర్చైపోతుంది. ఎంత తాగాలన్న కొలత మాత్రం డాక్టరు చెప్పినట్టే.

చెల్లెలి విషయం. 1998లో కాలిఫోర్నియాలో చేసిన ఒక అధ్యయనం, ట్రైహాలోమీథేన్లు లీటరుకి 75 మైక్రోగ్రాముల పైన ఉన్న చల్లటి కొళాయి నీళ్లు రోజుకి ఐదు గ్లాసులు, ఆపైన తాగిన గర్భిణుల్లో గర్భస్రావాలు ఎక్కువగా ఉన్నాయని చెప్పింది. అప్పట్లో చాలా అలజడి రేగింది. తర్వాత ఇంకా జాగ్రత్తగా చేసిన మరో పెద్ద అధ్యయనంలో ఆ సంబంధం నిలబడలేదు. బిడ్డ బరువు మీద ప్రభావం గురించీ ఫలితాలు అటూ ఇటూగానే ఉన్నాయి. మరోవైపు, గర్భిణికి నీళ్ల విరేచనాలు పట్టుకుని ఒంట్లో నీరు పోతే తల్లికీ బిడ్డకీ వచ్చే ప్రమాదం గురించి ఏ వాదనా లేదు. మనసు ఊరుకోకపోతే ఆమె తాగే నీళ్లు మాత్రం కాచి చల్లార్చి ఇవ్వండి, సరిపోతుంది.

కాచడం అంటే బుడగ రాగానే దించెయ్యడం కాదు. తళతళా మరిగాక మూత తీసి మూడు నాలుగు నిమిషాలు ఉంచాలి, వంటింటి కిటికీ తెరిచి ఉండాలి. ఎగిరిపోయే రకం అని చెప్పానే, ఆ క్లోరోఫాం కుటుంబం చాలామటుకు పోతుంది. ఎగరని ఆమ్లాలు మిగులుతాయి. గంటల తరబడి కాచినా లాభం లేదు, నీళ్లు ఆవిరై మిగిలినవి చిక్కబడతాయి, గ్యాసు కూడా దండగ. కాచిన నీళ్లలో క్లోరిన్ రక్షణ ఉండదు కాబట్టి మూత పెట్టి, చెయ్యి ముంచకుండా, ఆ రోజుకా రోజు వాడెయ్యాలి.

క్రిముల గురించి ఎందుకింత గట్టిగా చెబుతున్నానంటే, 2024 అక్టోబరు ఇంకా మరిచిపోలేదు. విజయనగరం జిల్లా గుర్లలో అతిసారం ప్రబలింది. కొద్ది రోజుల్లో మనుషులు పోయారు, బడిలోనే సెలైన్లు ఎక్కించారు. ఉప ఉత్పత్తుల లెక్క ముప్పై నలభై ఏళ్లది, అది కూడా 'ఉండొచ్చు' అనే రకం. క్లోరిన్ లేని నీళ్ల లెక్క మూడు రోజుల్లో తేలిపోతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఇదే మాట పదేపదే రాస్తుంది. ఉప ఉత్పత్తులని తగ్గించే ప్రయత్నంలో క్రిములని చంపే పనిని ఏ మాత్రం సడలించకూడదని.

అయితే ఉప ఉత్పత్తులని ఎలా తగ్గించాలి? ఇది నాకు పుస్తకంలో కంటే ఒక బావి దగ్గర బాగా అర్థమైంది.

2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు కరెంటు రోజుల తరబడి లేదు, మోటార్లు తిరగలేదు. జనం పాడుపడ్డ బావుల దగ్గరికి వెళ్లారు. మేం ఊరూరా తిరిగి ఆ బావుల్లో బ్లీచింగ్ కలుపుతున్నాం. ఒక కొబ్బరితోటలో బావి నిండా కొబ్బరాకులు, పువ్వు, చెత్త. నీళ్లు బెల్లం పానకం రంగులో ఉన్నాయి. లెక్క ప్రకారం బ్లీచింగ్ వేసి అరగంట తర్వాత క్లోరోస్కోప్‌లో, అంటే రంగుని బట్టి క్లోరిన్ కొలిచే పరికరంలో చూస్తే పసుపు రంగు లేదు, క్లోరిన్ సున్నా. రెండింతలు వేశాం, సున్నా. మూడోసారి వెయ్యబోతుంటే అక్కడ నిలబడ్డ ముసలాయన అన్నాడు: "ఏటి బాబూ, ఎంత పోసినా ఆ ఆకే తాగేస్తంది. ముందు ఆకు తియ్యండర్రా." సిగ్గేసింది. ఆకు తీయించి, డీజిల్ ఇంజనుతో రెండుసార్లు నీళ్లు తోడించి, ఊరిన నీళ్లలో మామూలు మోతాదు వేస్తే రంగు నిలబడింది. ముందు రెండుసార్లు వేసిన క్లోరిన్ అంతా ఏమైంది? అందులో కొంత క్లోరోఫామే అయి ఉంటుంది.

మొత్తం విషయం ఇదే. ఆకుని తీసేస్తే తక్కువ క్లోరిన్ చాలు, క్రిములూ చస్తాయి, ఉప ఉత్పత్తులూ తగ్గుతాయి. ఆకుని ఉంచి క్లోరిన్ తగ్గిస్తే క్రిములు బతుకుతాయి. మా అమ్మమ్మ ఏటి నీళ్లు తెచ్చి, కుండ లోపల చిల్లగింజ అరగదీసి, తేరాక పైనీళ్లు వంచుకునేది. శుద్ధి కేంద్రాల్లో పటిక వేసి మట్టినీ సారాన్నీ ముద్దగా చేసి దింపేది కూడా అదే ఉపాయం. వరద రోజుల్లో పటిక మోతాదు పెంచి, ఇసుక ఫిల్టర్లలో వడగట్టాక చివర క్లోరిన్ కలపాలి. బురద నీళ్లలోనే ముందుగా క్లోరిన్ కొట్టెయ్యడం ఎంత తగ్గిస్తే అంత మంచిది.

శుద్ధి కేంద్రం దగ్గరిది మీ చేతిలో లేదు. మీ ఊరి ఓవర్‌హెడ్ ట్యాంకు మాత్రం మీ చేతిలోనే ఉంది. గొడవ పడమన్నది దీని గురించే. ట్యాంకు అడుగున జానెడు ఒండ్రు పేరుకుంటే కేంద్రంలో ఎంత శుభ్రం చేసి పంపినా మీ ఊళ్లో మళ్లీ ఆ కొబ్బరితోట బావి కథే. కడిగిన తేదీ ట్యాంకు మీద రంగుతో రాసి ఉండాలి. ఆ తేదీ ఎంత పాతదైందో మీరే చూసుకోండి. పైన మ్యాన్‌హోల్ మూత ఉందో లేదో పైకి ఎక్కినవాణ్ని అడగండి. మూత లేని ట్యాంకులో పావురాలు పడిపోవడం నేను ఒకటి రెండుసార్లు కాదు చూసింది.

వాసన సంగతి. వాసన ఎక్కువగా ఉంటే క్లోరోఫాం ఎక్కువ ఉందని కాదు. కొళాయి నీళ్లలో ఉండే కొద్దిపాటి క్లోరోఫాం ముక్కుకి తెలియదు. మీకు వచ్చేది క్లోరిన్ వాసన, లేదా క్లోరమిన్ వాసన. 'కొన్ని రోజులు కొడుతోంది, కొన్ని రోజులు లేదు' అని రాశారు చూడండి, నాకు భయం వేసింది ఆ రెండో ముక్కకే. వాసన అసలు లేని రోజుల్లో క్లోరిన్ ఉందా? ఒక ఊళ్లో ఇలాగే ఫిర్యాదు వస్తే వెళ్లి చూశాను, పేరెందుకులెండి. బ్లీచింగ్ బస్తా మూతి విప్పి పంపు గదిలో తడి నేల మీద పడేసి ఉంది. కొత్త పొడిలో నూటికి 33 పాళ్లు క్లోరిన్ ఉంటే ఉక్కకీ తేమకీ నెలనెలా చచ్చిపోతూ ఉంటుంది. ఆపరేటరు కుర్రాడు పొడి పని చెయ్యట్లేదని ఒకరోజు చేటతో పోసేవాడు, తిట్లు పడితే మర్నాడు మానేసేవాడు. కుర్రాడిది తప్పనను, వాడికి కొలత చెప్పిన నాథుడు లేడు.

కొలత పెద్ద బ్రహ్మవిద్య కాదు. మంచి పొడి అయితే వెయ్యి లీటర్లకి రెండున్నర గ్రాములు. అరవై వేల లీటర్ల ట్యాంకుకి 150 గ్రాములు. బకెట్లో కలిపి, సున్నం అడుగుకి దిగాక పైన తేరిన నీళ్లు మాత్రమే ట్యాంకులో పోసి, అరగంట నుంచి గంట ఆగి వదలాలి. చివరి వీధి కొళాయిలో లీటరుకి 0.2 మిల్లీగ్రాముకి తగ్గకూడదు, జబ్బులు తిరుగుతున్న రోజుల్లో 0.5 ఉండాలి. క్లోరోస్కోప్ లేదా ఫీల్డ్ టెస్ట్ కిట్ మీ సచివాలయంలో అడిగితే దొరుకుతుంది. మందు చుక్కలు వేసిన వెంటనే రంగు చూడాలి. పావుగంట తర్వాత చూస్తే క్లోరమిన్ కూడా కలిసి ఎక్కువ చూపిస్తుంది.

ఇంట్లో ఏం చెయ్యాలంటే, పట్టిన నీళ్లు మూత ఓరగా పెట్టి గంటో రెండు గంటలో ఉంచితే వాసన చాలా తగ్గుతుంది. మట్టికుండలో ఇంకా బాగుంటుంది. అంతకు మించి కావాలంటే బొగ్గు ఫిల్టరు ఒక్కటి చాలు. క్లోరిన్‌నీ, క్లోరోఫాంనీ, ఆ ఎగరని ఆమ్లాలనీ కూడా చాలావరకు పట్టేది అదే. కాకపోతే కార్ట్రిడ్జ్ కంపెనీ చెప్పిన గడువుకి మార్చాలి. మార్చకపోతే పట్టడం మానేస్తుంది, పైగా అందులోనే క్రిములు కాపురం పెడతాయి.

ఆర్వో అమ్మేవాడు మీ ఇంటికి వస్తే టీడీఎస్ మీటరు ముంచి అంకె చూపించి భయపెడతాడు. ఆ మీటరుకి తెలిసేది కరిగిన ఉప్పులు మాత్రమే. క్లోరోఫాం 500 మైక్రోగ్రాములున్నా దాని అంకె కదలదు. ఉప్పు తక్కువున్న నది నీళ్లకి ఆర్వో అక్కర్లేదు. పట్టిన దానికి రెట్టింపు నీళ్లు మోరీలోకి పోతాయి కూడా. ఇరవై లీటర్ల టిన్నుల నీళ్లు మంచివా అంటే, ఆ టిన్ను కడిగే చోటు ఒకసారి మీరే వెళ్లి చూడండి, నేను చెప్పేకంటే బాగా తెలుస్తుంది.

ఇన్ని చెప్పినా పరీక్ష చేయించాలనే ఉంటే, ట్రైహాలోమీథేన్లు ఊళ్లో కిట్‌తో తేలవు, గ్యాస్ క్రొమటోగ్రాఫ్ (ఇలాంటి ఎగిరిపోయే పదార్థాలని విడదీసి కొలిచే యంత్రం) ఉన్న ల్యాబ్‌కే పంపాలి. శీతల పానీయం సీసాలో సగం పట్టుకెళితే దారిలోనే క్లోరోఫాం సీసాలోని గాల్లోకి ఎగిరిపోయి, తక్కువ ఉందని రిపోర్టు వస్తుంది. ల్యాబ్ వాళ్లిచ్చే గాజు సీసాలోనే, వాళ్లు అందులో వేసిచ్చిన మందు పారబొయ్యకుండా, బుడగ కూడా మిగలకుండా నిండా నింపి, ఐసులో పెట్టి తీసుకెళ్లాలి. చేయిస్తే ఎండాకాలం చివర ఒకటి, వరద నీళ్లు వచ్చాక ఒకటి చేయించండి. ఒక్కదానితో ఏమీ తెలియదు.

అంతకంటే ముందు రేపు పొద్దున్న ఆ చివరి వీధి కొళాయిలో క్లోరిన్ ఎంతుందో, ట్యాంకు మీద ఏ తేదీ రాసుందో చూసి రాయండి. తేదీ అసలు లేకపోతే అదీ రాయండి.